పగ్డీ గుంజి కడితే నిలుస్తదా? – బట్టల ముచ్చట, మీ ప్రశ్నలకు జవాబులు

పోయినసారి ఈ పేజీల గద్వాల చీరలకు గంజి ఎట్ల పెట్టాల్నో రాసిన. దానికి వచ్చిన ఉత్తరాలల్ల సగం చీరల గురించి లేవు, నా నెత్తి గురించే ఉన్నయ్. "సర్దార్జీ, పాలమూరుల బట్టల దుకాణం పెట్టుకొని అందరికి అన్ని చెప్తవు, నీ నెత్తి మీద ఉన్నదాని ముచ్చట ఎన్నడు చెప్పవేంది" అని ఒకాయన గట్టిగనే అడిగిండు. నిజమే మరి. అందుకే ఈసారి పేజీ అంత పగ్డీకే, అంటె మా సర్దార్ల తలపాగకే ఇస్తున్న, చీరలోళ్లు జర ఓపిక పట్టుండ్రి.

ప్రశ్న: సర్దార్జీ అన్నా, సత్ శ్రీ అకాల్. నాకు 22 ఏండ్లు, రైస్ మిల్లుల లెక్కలు చూస్త. చిన్నప్పటి సంది పట్కానే (పిలగాండ్లు కట్టే చిన్న నెత్తి గుడ్డ) కట్టుకున్న, పెద్ద పగ్డీ మొదలుపెట్టి ఏడాది అయితుంది, ఫోన్ల వీడియోలు చూసుకుంటనే నేర్చుకున్న. పొద్దుగాల అద్దంల మంచిగనే కనిపిస్తది గాని పదకొండు అయ్యేసరికి కణతలు గుంజుతయ్, చెవులు మండుతయ్, అన్నం తినే యాళ్లకు పగ్డీ మొత్తం వెనకకు జారుతది. గట్టిగ కడితే నొప్పి, వదులుగ కడితే జారుడు. ఏం చెయ్యమంటరు? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్మీ, నీ వయసుల నేను గూడ ఇదే తిప్పలు పడ్డ. దుకాణంల కూసున్నంక నొసలు మీద ఎర్రగ గీత పడేది, గిరాకి వస్తే నవ్వుతందుకు గూడ నొప్పి అయ్యేది. ఒకనాడు మా పెదనాయన నేను కట్టుకుంటుంటె వెనక నిలవడి చూసి, "నెత్తికి పగ్డీ కడుతున్నవా, వడ్ల బస్తాకు మూతి కడుతున్నవా" అన్నడు. నువ్వు మిల్లుల పని చేస్తవు గద, నీకు ఇది ఇంకా మంచిగ సమజ్ అయితది. బస్తాకు గట్టిగ బిగిస్తె నిలుస్తది ఎందుకంటె దానికి నొప్పి లేదు, నెత్తికి ఉన్నది. పగ్డీని నిలిపేది బిగింపు కాదు, బట్ట మీద బట్ట సాపుగ కూసునుడు. ఒక పొర అంచు ఇంకో పొర మీద వంకర లేకుంట పడితే ఆ రాపిడికే అది నిలుస్తది, నువ్వు గుంజే పని లేదు.

ముందుగాల ఒక పని చెయ్యి. ఆదివారం నాడు పగ్డీ కట్టకు, ఉత్త జూడా (నెత్తి మీది ఎంటికల ముడి) వేసుకొని రెండు గంటలు ఇంట్లనే తిరుగు. అప్పుడు గూడ కణతలు గుంజినయంటె తప్పు పగ్డీది కాదు జూడాదే, ఎంటికలను మరీ మెలి తిప్పి బిగిస్తున్నవన్నట్టు. చానమంది దీన్ని పట్టించుకోరు, బట్ట మారుస్తరు, కట్టు మారుస్తరు, నొప్పి మాత్రం గట్లనే ఉంటది. కంఘాతోని, అంటె దువ్వెనతోని చిక్కు తీసి, మెలిని మెత్తగ తిప్పి, జూడాను నడినెత్తికి జరంత ముందల పెట్టుకోవాలె. వెనకకు పెట్టినవంటె బట్ట బరువంత వెనకకే పోతది, నువ్వు ఎంత బిగించినా అది జారుతనే ఉంటది, పైంగ మెడ పట్టుకుంటది. నువ్వు రాసిన జారుడుకు సగం కారణం ఇదే అయ్యుంటదని నా అనుమానం.

ఇగ పూనీ. బట్టను పొడుగుల మడిచి సాపు చేసుడే పూనీ, అసలు పగ్డీ అందం అంత అండ్లనే ఉంటది, కట్టుడు తర్వాత ముచ్చట. ఒకలు అటు కొస, ఒకలు ఇటు కొస పట్టుకొని ముందు ఏటవాలుగ గుంజాలె, ఈ మూల నుంచి ఆ మూలకు, మల్ల ఆ మూల నుంచి ఈ మూలకు. నేరుగ గుంజితే నూలు సాగదు, ఏటవాలుగ గుంజితే బట్ట సాగుతది, ముడతలు పోతయ్, నెత్తి గుండ్రానికి తగ్గట్టు వంగుతది. ఆ తర్వాత సగానికి మడిచి, దాన్ని మల్ల సగానికి మడిచి, నాలుగైదు అంగుళాల పట్టీ అయ్యేదాక మడుస్తనే పోవాలె. మడిచేముందు నీళ్లు చల్లు, తడవొద్దు, ఇస్త్రీకి చల్లినట్టు చల్లితే చాలు. మా ఇంట్ల ముప్పై ఏండ్ల సంది ఆ కొస పట్టేది మా ఇంటామెనే, పొద్దుగాల లొల్లి అయిన నాడు ఆ రోజంత నా పగ్డీ వంకరగనే ఉంటది, బజార్ల దోస్తులు చూసి పట్టేస్తరు. నువ్వు ఒక్కనివే రూముల ఉంటున్నవేమో, అయితే కొసను కిటికీ గ్రిల్లుకో తలుపు గొళ్లానికో కట్టి గుంజుకో, లారీ డ్రైవర్లు బండి అద్దానికి కట్టి గుంజుకునుడు నేను హైవే ధాబాలల్ల మస్తుసార్లు చూసిన.

కట్టేముందు ఫిఫ్టీ మర్చిపోకు. నొసలు మీద మూడు మూలల ముక్క లెక్క రంగు కనిపిస్తది చూడు, అదే ఫిఫ్టీ. అది సోకుకు అనుకుంటరు గాని, చిన్న ఎంటికలను ఆపేది అదే, పెద్ద బట్ట నొసలును కోయకుంట అడ్డం ఉండేది అదే. సన్నటి మెత్తటి బట్ట కావాలె, ముడి వెనక గట్టిగ పడితే ఆ ముడే పొద్దంత గుచ్చుతది, అందుకే ముడి వెయ్యకుంట కొస చెక్కుకునుడు మేలు.

ఇప్పుడు చుట్టుడు. ఒక కొసను పండ్లతోని పట్టుకుంటవు గద, మొదటి లడ్ (ఒక్కో చుట్టును లడ్ అంటం) చుట్టేటప్పుడు నెత్తి వెనక చెయ్యి పెట్టి చూడు, అక్కడ ఎముక బుడిపె లెక్క తలుగుతది. బట్ట ఆ బుడిపె కిందికెల్లి పోవాలె. దాని మీదికెల్లి పోతే జారుడు తప్పదు, కింది నుంచి పోతే ఆ బుడిపెనే కొక్కెం లెక్క పట్టుకుంటది. నీ జారుడుకు మిగిలిన సగం కారణం ఇదే అనుకుంట. చెవి మీద సగం వరకే కప్పు, మొత్తం కప్పితే చెవి మడత పడి లోపల నలుగుతది, మంట అందుకే. ఒక్కో లడ్ చుట్టినంక చెవిని వేలుతోని జర బయటికి తీసి సాపు చేసి మల్ల చుట్టు. మొదటి రెండు లడ్‌లే కొంచెం పట్టుతోని ఉండాలె, ఆ మీదివన్ని ముస్తాబే, వాటిని గుంజేది లేదు, ఊకె పరుచుకుంట పోవుడే. అటు ఐదారు, ఇటు ఐదారు వస్తయ్, ఒక్కోటి ముందటి దాని కంటె వేలంత జరిపితే నొసలు మీద కోణం దానంతటదే వస్తది. చివరి లడ్‌ను విప్పార్చి జూడా మీద కప్పి వెనక చెక్కు, పండ్ల కింద కొసను తీసి నడినెత్తి మీద పరిచి అదీ వెనకకే చెక్కు. బయటికి వచ్చిన ఎంటికలు లోపలికి నూకుతందుకు, మడతలు సర్దుతందుకు ఇనుప సలాయి ఉంటది, దానితోని మెల్లగ చెయ్యాలె, నీ వయసోళ్లు అద్దం చూసుకుంట పొడుచుకుంటరు.

అయినంక నొసలుకు బట్టకు నడుమ ఒక వేలు పెట్టి చూడు, దూరాలె. కనుబొమ్మలు పైకి లేపు, నోరు పెద్దగ తెరువు. ఈ మూడు సుఖంగ అయితే పొద్దుగూకేదాక నొప్పి రాదు. వేలు దూరకుంటె విప్పి మల్ల కట్టు, "ఆఫీసుకు లేట్ అయితుంది" అని అట్లనే పోకు. నిత్యం గుంజి కట్టేటోళ్లకు ముందల నొసలు కాడి ఎంటికలు పల్సవడి వెనకకు పోతయ్, అది బట్టతల కాదు, గుంజుడు తోని వచ్చేది, జల్ది చూసుకుంటె ఆగుతది, ఏండ్లకేండ్లు గుంజితే ఆ జాగల మల్ల రావు. బట్ట విప్పినంక జర సేపట్ల నొప్పి పోతే అది కట్టుదే. విప్పి పండుకున్నా పోకుంటె, కండ్లు మసకలు వస్తే, అది పగ్డీ పని కాదు, డాక్టర్‌కు చూపియ్యి.

నువ్వు ఏ బట్ట కడుతున్నవో రాయలే. మన దిక్కు ఎండాకాలం 44, 45 డిగ్రీలు పోతది, రూబియా అనే బట్ట మందం, కట్టు మంచిగ నిలుస్తది గాని చెమటకు ఉడుకుతది. ఫుల్ వాయిల్ అనే బట్ట పల్సన, గాలాడుతది, కొత్తగ నేర్చేటోనికి జర లొంగదు గాని మన ఎండకు అదే. ఐదు మీటర్ల సింగిల్ నీకు సరిపోతది. వీడియోలల్ల పోరగాండ్లు కట్టేది డబుల్ పట్టీ, అంటె పది మీటర్లు తెచ్చి రెండు ముక్కలు చేసి పక్కపక్కన కుట్టించింది, నిండుగ కనిపిస్తది, పెండ్లికి మంచిగుంటది, మిల్లుల తవుడు దుమ్ములకు మాత్రం వద్దు. పటియాలా షాహీ అనే తీరుల కట్టాల్నని నీకు మోజు ఉంటె పండుగలకు కట్టుకో. రోజుటికి మూడు బట్టలు పెట్టుకొని మార్చి మార్చి ఉతుక్కో, చెమట ఉప్పు పట్టిన బట్ట గరుకై నొసలును గీరుతది. ఇంకోటి, తల స్నానం చేసి తడి ఎంటికల మీద కట్టకు, లోపల ఆరదు, చుండ్రు, వాసన, దురద అన్ని అండ్ల నుంచే.

ప్రశ్న: అన్నా, నేను తెలుగింటి ఆడబిడ్డను, సర్దార్ల ఇంటికి కోడలుగ వచ్చిన. మా ఆయన లారీ మీద ఉంటడు, నెలకు నాలుగు రోజులు ఇంట్ల ఉంటె ఎక్కువ. మా పిలగానికి 12 ఏండ్లు, వచ్చే ఏడు దస్తార్ బందీ (మొదటిసారి పగ్డీ కట్టే వేడుక) చేద్దామనుకుంటున్నం. వానికి కట్టుడు నేర్పాలె, నాకే రాదు. పైంగ వాని జుట్టు పల్సన. బడికి గూడ పెద్ద పగ్డీతోనే పంపాల్నా? – ఒక తల్లి, జడ్చర్ల

జవాబు: చెల్లె, నీకు రాదని ఎవలు చెప్పిండ్రు? ఆరు గజాల చీరకు కుచ్చిళ్లు సమానంగ పెట్టుకునే చేతులు నీవి, పూనీ మడిచే కాడ నీకు మా సర్దార్ల కంటె మంచిగ వస్తది, ఇది నేను ఉబ్బిచ్చి చెప్తలేను. అంచులు కలుపుడు, మడత జారకుంట పట్టుడు, రెండింట్ల పని ఒక్కటే. కొస పట్టుడు నీది, కట్టుకునుడు వానిది. నువ్వు కట్టి పెట్టకు. పొద్దుగాల లేట్ అయితుందని ఒక్కసారి నువ్వు కట్టినవంటె ఇగ రోజూ వాడు నీ ముందల నెత్తి వంచి కూసుంటడు.

బడికి తొందర పడకు, పట్కానే ఉండనియ్యి, ఆటలాడే పిలగాడు. సాయంత్రం హోంవర్క్ అయినంక అద్దం ముందల అరగంట నేర్చుకోమను, మొదటి నెల పిచ్చుక గూడు లెక్క వస్తది, నవ్వకుండ్రి, ఇంట్ల చుట్టాలను గూడ నవ్వనియ్యకు. పిలగాని నెత్తికి నాలుగు మీటర్ల లోపు బట్ట చాలు, పెద్దోళ్ల బట్ట ఇస్తె బరువుకు మెడ గుంజి వానికి దాని మీదనే కోపం వస్తది. జుట్టు పల్సన అన్నవు, జూడా చిన్నగ వస్తది, రానియ్యి, అది పెద్దగ కనిపియ్యాలని గట్టిగ మెలి పెట్టకు. పొద్దుగాల ఒకసారి, పండుకునేముందు ఒకసారి కంఘా పెట్టు, తల స్నానం శనివారం రాత్రి పెట్టుకుంటె ఆదివారం పొద్దుగాల వరకు మంచిగ ఆరుతది.

దస్తార్ బందీ సంగతి. గురుద్వారల మా పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ ముందల, గ్రంథి (ఆ గ్రంథం చదివే ఆయన) గాని ఇంటి పెద్దాయన గాని పిలగానికి మొదటి దస్తార్ కడతరు. నాందేడ్ పోయే చేయించాలని లేదు, హైదరాబాద్ల చేయించుకోవచ్చు, గురుద్వార ఉన్న ఏ ఊర్లనైనా చేయించుకోవచ్చు. అయినా దక్కనోళ్లకు నాందేడ్ల ఉన్న హజూర్ సాహిబ్ గురుద్వార మీద పాణం గుంజుతది, 1708ల గురు గోబింద్ సింగ్ జీ జ్యోతి కలిసింది అక్కడనే గద. మీ ఆయన లారీ నాందేడ్ దిక్కు పోయే రోజు చూసుకొని పెట్టుకుంటె ఆయన గూడ ఉంటడు, నాయన లేకుంట చేసుడు నాకు అంత మంచిగ అనిపియ్యదు. మీ అత్తగారిండ్లల్ల, "మనం 1832ల రంజిత్ సింగ్ మహారాజు నిజాం కాడికి పంపిన ఫౌజు పిల్లలం" అని చెప్పే ముసలోళ్లు ఎవరన్న ఉంటె ఆ రోజు వాళ్లను తోలుకపో. పిలగానికి వాళ్ల కథలు వినవడాలె.

ప్రశ్న: మేము పుట్టపాక దిక్కు నేతోళ్లం. తేలియా రుమాలును సర్దార్లు పగ్డీకి కట్టుకుంటరా? కట్టుకుంటె మాకు ఒక కొత్త గిరాకి అయితది. – ఒక నేతన్న

జవాబు: అన్నా, రుమాలుగ ఉన్నదాన్ని కట్టుకోరు, అది చదరం ముక్క, పగ్డీకి ఐదు మీటర్లన్న పొడుగు కావాలె. గాని నీ ఆలోచన మాత్రం తప్పు కాదు. నూనెల, ఆముదం కాయల బూడిద నీళ్లల్ల నూలును రోజుల కొద్ది నానవెట్టే పద్ధతి మీది, ఆ బట్ట నెత్తికి చల్లగుంటదనే పాతకాలంల తలపాగలకు అడిగి అడిగి కొన్నరు. 2020ల జీఐ (భౌగోళిక) గుర్తింపు గూడ వచ్చింది. ఇబ్బంది ఏందంటె, రెండు దిక్కుల ఇక్కత్ (పడుగుకు, పేకకు ముందే రంగులద్దుడు) నేసిన బట్టను ఏటవాలుగ గుంజి, పట్టీ లెక్క మడిచి చుడితే మీరు నెలల తరబడి పడ్డ కష్టం, ఆ డిజైన్ అంత మడతలల్ల మునిగిపోతది, కనిపించేది అంచు ఒక్కటే. అంత ధర పెట్టి అంచు చూసుకుంట కూసునే సర్దార్ నాకైతే తెల్వదు. ఫిఫ్టీకి అడగండ్రి. చిన్న ముక్క, నొసలు మీద కనిపించేది ఆ ఎరుపు నలుపే, పల్సటి నూలుతోని మెత్తగ నేస్తే నేను నా దుకాణంల పెట్టుకుంట. ఒక డజను నేసి పట్టుకరాండ్రి, చూద్దాం.

ప్రశ్న: సర్దార్జీ, కోపం చేసుకోకుండ్రి. నేను గొర్లు కాసేటోన్ని, పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి రుమాలు చుట్టుకుంటున్న. బండి మీద పోతుంటె హెల్మెట్ లేదని చలానా రాసిండ్రు. మీకు లేంది నాకెందుకు? మీదీ గుడ్డనే, నాదీ గుడ్డనే గద. – దేవరకొండ దగ్గరి నుంచి

జవాబు: కోపమేంది పెద్దనాయనా, ఈ మాట నన్ను చాయ్ హోటల్ల నెలకోసారన్న అడుగుతరు. 1988 మోటారు వాహనాల చట్టంల 129 సెక్షన్ అని ఉన్నది, అండ్లనే రాసిండ్రు, సిక్కు మనిషి పగ్డీ కట్టుకొని బండి మీద పోతే హెల్మెట్ పెట్టే పని లేదని. మాకు పగ్డీ మీద టోపీ లెక్కది పెట్టుడు లేదు, పగ్డీ తీసి బజార్ల తిరుగుడు లేదు, అందుకే ఆ మినహాయింపు. నేను సర్దార్‌నై ఉండి పగ్డీ లేకుంట పోతే నాకు గూడ చలానే. నీ రుమాలు గొర్ల ఎనక ఎండకు చుట్టుకునేది, బండి ఎక్కేముందు విప్పి బుజం మీద వేసుకుంటె నీ మర్యాదకు వచ్చిన నష్టం లేదు, హెల్మెట్ పెట్టుకో. గుడ్డ గుడ్డనే అన్నవు చూడు, కింద పడితే మాత్రం నువ్వన్నది నిజమే, పగ్డీ ఆరు పొరలున్నా హెల్మెట్ చేసే పని చెయ్యదు. అందుకే నా స్కూటర్ నలభై దాటదు, వెనక నుంచి పోరగాండ్లు హారన్ కొట్టుకుంట పోతరు, పోనియ్యి.

ప్రశ్న: నమస్తే అండి. నేను సర్కార్ బడిల సార్‌ను. ఆగస్టు 15కు పిల్లలతోని భగత్ సింగ్ నాటకం వేయిస్తున్నం. కిరాయి దుకాణంల కుట్టిన పసుపు పగ్డీలు ఉన్నయ్, టోపీ లెక్క పెట్టుకునేటివి. అవి తెస్తే సరిపోతదా, కట్టిస్తె బాగుంటదా? మీ మనసులు నొచ్చుకునేటట్టు మేమేం చెయ్యొద్దని అడుగుతున్న. – ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: సార్, అడిగినందుకే సంతోషం. ఆ కుట్టిన టోపీలు తేకుండ్రి, అవి పిలగాని చెవుల మీదికి జారి నాటకంల నవ్వులాట అయితది, ఉరిశిక్ష సీన్ల ఎవలో ఒకలు కిసుక్కుమంటరు. నాలుగు మీటర్ల మల్లు బట్ట తెండ్రి, మీ ఊరి బట్టల దుకాణంలనే దొరుకుతది, ముందు చెప్పినట్టు ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టి పూనీ తీసి కట్టుండ్రి. క్రాఫ్ కటింగ్ పిలగానికి జూడా ఉండదు గాబట్టి నడినెత్తి కాడ పల్లంగ కనిపిస్తది, ఒక చిన్న దస్తీని ఉండ చేసి నడినెత్తి మీద పెట్టి, దాని మీద పల్సటి గుడ్డ కట్టి, ఆ మీద చుట్టితే ఎత్తు వస్తది. పిన్నీసులు పెడితే వెనక ఒకటి, లోపలి దిక్కు, పిలగానికి గుచ్చుకోకుంట. బీడీ, సిగరెట్ సీన్ ఏదన్న ఉంటె పగ్డీ మీద ఉండంగ పెట్టకుండ్రి, నాటకం అయినంక బట్టను నేల మీద పడేసి తొక్కకుండ్రి. మాకు గంతే చాలు.

రంగు సంగతి గూడ చెప్త. పసుపే ఉండాల్నని ఏం లేదు, ఆ పసుపు క్యాలెండర్ బొమ్మలేసేటోళ్లు పెట్టింది ఎక్కువ. పగ్డీతోని ఉన్న భగత్ సింగ్ పాత ఫోటో నలుపు తెలుపుల ఉన్నది, అండ్ల తెల్లటి పగ్డీ లెక్క కనిపిస్తది, లాహోర్ నేషనల్ కాలేజీల చదివేటప్పుడు నాటకాల జట్టుతోని దిగింది. మీ పిలగాని లెక్కనే ఆయన గూడ అప్పుడు నాటకాలోళ్ల నడుమనే నిలవడ్డడు. తెల్లది తెండ్రి, వంద రూపాయలు గూడ తక్కువైతయ్.